ఎక్స్‌రేకు పేటెంట్ తీసుకోని రాంట్‌జెన్

అనకాపల్లి ప్రభుత్వాసుపత్రిలో తీయించుకున్నా, ప్రైవేటు ల్యాబ్‌లో తీయించుకున్నా ఎక్స్‌రే వెనుక ఉన్నది ఒకే మనిషి: జర్మన్ భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జెన్. ఈ పరీక్ష ఇంతగా ఎలా విస్తరించింది? ఫిల్మ్ ఒక్కటే ఎందుకు చాలదు? రెండింటికీ ఆయన జీవితంలో జవాబు దొరుకుతుంది.

రాంట్‌జెన్ 1845 మార్చి 27న లెనెప్‌లో బట్టల వ్యాపారి ఇంట పుట్టారు. బాల్యం నెదర్లాండ్స్‌లో గడిచింది. ఉపాధ్యాయుడి వ్యంగ్యచిత్రం గీసిన తోటి విద్యార్థి పేరు చెప్పనందుకు ఆయన్ను బడి నుంచి పంపేశారు. తర్వాత జ్యూరిక్‌లో చదివి 1869లో డాక్టరేట్ పొందారు.

1895 నవంబర్ 8న వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో, నల్ల అట్ట కప్పిన గాజు గొట్టంలోకి విద్యుత్ పంపుతుండగా కాస్త దూరంలో రసాయనం పూసిన తెర మెరిసింది. కారణమైన కిరణాలేమిటో తెలియలేదు. అందుకే లెక్కల్లో తెలియని రాశికి వాడే ‘ఎక్స్’ పేరు పెట్టారు. వెంటనే ప్రకటించలేదు. దాదాపు ఏడు వారాలు ఒంటరిగా మళ్లీ మళ్లీ పరీక్షించారు. డిసెంబర్ 22న భార్య ఆనా బెర్తా చేతిని చిత్రిస్తే ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. 28న పరిశోధన పత్రం సమర్పించారు.

1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ ఆయనదే. ఆ సొమ్మును విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పేటెంట్ తీసుకోలేదు. దాంతో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా కొద్ది నెలల్లోనే ఎక్స్‌రే ఎన్నో దేశాల ఆసుపత్రులకు చేరింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి ద్రవ్యోల్బణంలో ఆయన పొదుపు కరిగిపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

రాంట్‌జెన్ ఏడు వారాల ఓపిక రోగులకూ అవసరమే. ఎక్స్‌రే అంటే నీడ. ఒక అవయవం నీడ మరోదానిపై పడుతుంది. సన్నటి పగులు మొదటి రోజు కనిపించకపోవచ్చు. అందుకే ఎముకలను సాధారణంగా రెండు కోణాల్లో తీస్తారు, అవసరమైతే కొన్ని రోజులాగి మళ్లీ తీస్తారు. ఆ నీడను చదవడమే రేడియాలజిస్టు పని. అనకాపల్లికి పొరుగున విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, హైదరాబాద్ నిమ్స్‌కు తొలి డైరెక్టరైన కాకర్ల సుబ్బారావు పేరు తెచ్చుకున్నది ఈ విద్యలోనే.

ఎక్స్‌రే తీయించుకుంటే ఫిల్మ్‌తో పాటు రాతపూర్వక రిపోర్టు అడగండి. పాత ఫిల్ములు పారేయొద్దు. పోల్చి చూస్తేనే కొన్ని మార్పులు తెలుస్తాయి. గర్భం ఉన్నా, అనుమానం ఉన్నా గదిలోకి వెళ్లేముందే టెక్నీషియన్‌కు చెప్పండి. నొప్పి తగ్గకపోతే, రిపోర్టులో ఏమీ లేదని ఉన్నా మళ్లీ డాక్టర్‌ను కలవండి.