జార్జి సైమన్ ఓమ్

విద్యుత్తీగె లావును లెక్కకట్టు మార్గము చూపిన జార్జి సైమన్ ఓమ్, జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున 1789వ సంవత్సరము మార్చి 16వ తేదీని జన్మించెను. తండ్రి తాళములు చేయువాడు. స్వయంకృషిచే గణితము నేర్చి కుమారులకు బోధించెను.

ఓమ్ 1817లో కొలోన్ నగరమున ఉన్నత పాఠశాలోపాధ్యాయుడై, నానావిధములైన తీగెలలో ప్రవాహమును కొలిచి పరీక్షించెను. తీగె పొడవు రెట్టింపైన నిరోధము రెట్టింపగును. అడ్డుకోత వైశాల్యము రెట్టింపైన సగమగును. నిరోధము హెచ్చినకొలది ప్రవాహము తగ్గును. ఈ నియమములను 1827లో గ్రంథముగా ప్రకటించెను. స్వదేశమున పెక్కుమంది పండితులు దాని నాదరింపరైరి. అతడు ఉద్యోగము విడిచి, 1833 వరకు తగిన పదవి లేక శ్రమపడెను. తుదకు 1841లో లండను రాయల్ సొసైటీవారు కోప్లీ పతకమిచ్చి సత్కరించిరి. 1854 జూలై 6వ తేదీని మ్యూనిక్ నగరమున మరణించెను. 1881లో పారిసునందు కూడిన విద్యుచ్ఛాస్త్రజ్ఞుల మహాసభ, నిరోధపు కొలతకు అతని పేరునే స్థిరపరచెను.

మీటరునొద్దనుండి దూరపు గదిలోని చిన్న ఫ్యూజు పెట్టెకు సాగు తీగె సన్నమైనచో వేడెక్కును, దీపము మందగించును. ఆ దూరమును, మోయవలసిన ఆంపియర్లను ఎంచి తగిన తీగెను ఏర్పరచు ప్రతి పనివాడును, ఒకనాడు నిరాదరణకు గురియైన ఆ ఉపాధ్యాయునకు ఋణపడియున్నాడు.