తేనె గబ్బిలమునకు పేరిడిన పల్లాస్

పీటర్ సైమన్ పల్లాస్ 1741వ సంవత్సరమున బెర్లిన్ నగరమున ఒక శస్త్రవైద్యుని యింట జన్మించెను. తండ్రివలె వైద్యమే అభ్యసించి, పందొమ్మిదవ యేట హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. కాని అతని మనస్సు జంతుశాస్త్రముననే లగ్నమైయుండెను. పట్టమునకై వ్రాసిన వ్యాసము సైతము ప్రాణుల దేహములలో వసించు క్రిములను గూర్చినదే.

ఆ కాలమున డచ్చి ఓడలు దూరదేశపు జంతువులను హాలెండునకు చేర్చుచుండెను. పల్లాస్ హేగ్ నగరమున నుండి, అట్టివానిని పరీక్షించి, 1766లో ఒక లాటిను గ్రంథమును ప్రకటించెను. సురినాం దేశపు చిన్న గబ్బిలమొకటి అందు వర్ణింపబడినది. మూతి సాగిన చుంచును పోలియున్నదని దానికి 'సొరిసినస్' అని పేరిడెను. అప్పటికి లినేయస్ పండితుడు గబ్బిలములను దాదాపు అన్నిటిని 'వెస్పర్టీలియో' అను ఒకే ప్రజాతిలో నుంచి, ఆ ప్రజాతిని మానవులు, కోతులు గల క్రమముననే చేర్చియుండెను! పల్లాసును తన గబ్బిలమును ఆ ప్రజాతిలోనే నిలిపెను.

1767లో రష్యా రాణి కాథరీన్ ఆహ్వానమున అతడు ఆ దేశమునకు వెడలెను. 1768 మొదలు ఆరు సంవత్సరములు సైబీరియా మంచుమైదానముల సంచరించి, ముప్పది మూడేండ్లకే తల నెరసి, ఆరోగ్యము చెడి తిరిగివచ్చెను. ఆ శ్రమఫలమైన రష్యా జంతుగ్రంథము లోకమునకు పూర్తిగా అందినది 1831లో. పల్లాస్ 1811లోనే బెర్లినులో కన్నుమూసియుండెను.

చిన్ననాటి గబ్బిలము కథ మాత్రము అంతటితో ముగియలేదు. 1818లో జెఫ్రాయ్ సెంటిలేర్ అను ఫ్రెంచి పండితుడు దాని పొడవైన నాలుకను గుర్తించి 'గ్లాసోఫాగా' అను క్రొత్త ప్రజాతిని ఏర్పరచెను. ఈ గబ్బిలము పువ్వు నెదుట రెక్కలాడించుచు గాలిలో నిలిచి నాలుక చాపును. నాలుక కొనను కేశములవంటి మొనలు గలవు; రక్తము నిండగా అవి నిక్కి తేనెను పట్టునని 2013లో కనుగొనిరి. మన ఇప్పపూలకు వచ్చు గబ్బిలములు వేఱు కుటుంబమువి. ఆహారము ఒకటైనను బంధుత్వము దూరము.

ప్రజాతి మారినను తొలుత పెట్టిన జాతినామము పోరాదని శాస్త్రనియమము. కావుననే నేటికిని 'గ్లాసోఫాగా సొరిసినా' అను పేరు ప్రక్క పల్లాస్ నామము కుండలీకరణములలో వ్రాయబడును. 2021లో పరిశోధకులు ఈ ఒక్క జాతిని నాలుగుగా విభజించిరి. మొదటి నమూనా సురినాముది యగుటచే, పల్లాస్ యిడిన పేరు ఆండీస్ పర్వతములకు తూర్పున నివసించు గబ్బిలములకే దక్కినది.