సర్టిఫికెట్ లేని శాస్త్రవేత్త – రాంట్‌జెన్

హాస్టల్‌లో చేరిన రోజు మన చేతుల్లో ఉన్నవి ఒక రేకు పెట్టె, టీసీ, మార్కుల మెమో. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం కాబట్టి ఆ కాగితాల విలువ మాకు బాగా తెలుసు. అలాంటి కాగితం ఒకటి లేక అవమానపడి, ప్రపంచానికి ఎక్స్‌రే ఇచ్చిన మహనీయుడు విల్‌హెల్మ్ రాంట్‌జెన్.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో పుట్టి, నెదర్లాండ్స్‌లో పెరిగారు. ఉట్రెక్ట్‌లో చదువుతుండగా తోటి విద్యార్థి ఒకరు ఉపాధ్యాయుణ్ణి వెక్కిరిస్తూ బొమ్మ గీశాడు. అతని పేరు చెప్పనందుకు రాంట్‌జెన్‌ను బడి నుంచి తీసేశారు. తర్వాత జ్యూరిక్‌లో చేరి, 1869లో డాక్టరేట్ సాధించారు. అయినా పాత సర్టిఫికెట్ లేదని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం బోధనకు అనుమతించలేదు. 1888లో అదే విశ్వవిద్యాలయం ఆయనను ప్రొఫెసర్‌గా పిలుచుకుంది!

1895 నవంబర్ 8న అక్కడి ప్రయోగశాలలోనే ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నారు. డిసెంబర్ 22న భార్య చేతి ఎముకలను ఫొటో తీశారు. 1896 జనవరిలోనే జర్మన్ దంతవైద్యుడు వాల్కోఫ్ తన పళ్లకు ఎక్స్‌రే తీయించుకున్నారు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది.

ఎక్స్‌రే అంటే నీడ. కింది దవడ గుర్రపు నాడాలా వంగి ఉంటుంది కనుక, పక్క నుంచి తీస్తే రెండు వైపుల నీడలూ ఒకదానిపై ఒకటి పడి పగులు దాగిపోవచ్చు. తల చుట్టూ తిరిగే ఓపీజీ యంత్రం దవడ మొత్తాన్ని ఒకే ఫిల్మ్‌పై చూపిస్తుంది. కానీ గడ్డం దగ్గర వెన్నెముక నీడ అడ్డం పడుతుంది. విరిగిన ముక్క లోపలికి జరిగిందో, బయటికి జరిగిందో సరిగా తెలియదు. అందుకే ఎదురుగా మరో ఎక్స్‌రే తీస్తారు. 1971లో రోగులకు తొలిసారి వాడిన సీటీ స్కాన్ పొరలు పొరలుగా చూపిస్తుంది. చెవి ముందున్న కీలు దగ్గరి పగుళ్లు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఖర్చూ, రేడియేషనూ ఎక్కువ. ఏది ఎప్పుడు అవసరమో వైద్యులు నిర్ణయిస్తారు.

రాంట్‌జెన్ పేటెంట్ తీసుకోలేదు. భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే దక్కింది. ఆ డబ్బును విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో కన్నుమూశారు.

ఒక్క ఫిల్మ్ చూసి దవడ బాగుందని చెప్పకూడదు. ఒక్క మెమో చూసి మనిషిని తేల్చకూడదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి మార్కులు తగ్గినవాళ్లు పెట్టె సర్దుకోవద్దు. ఇంకో వైపు నుంచి కూడా మిమ్మల్ని మీరు చూసుకోండి.