ఇమామ్ గజాలీని బాధించిన ఐదు మాటలు

సమాజంలో నీతి ఒక్కరోజులో మాయం కాదు. ముందు నీతిని తెలిపే మాటల్లోని అర్థం అడుగంటుతుంది. మాట మాత్రం గౌరవంగా అలాగే చలామణి అవుతుంది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే ఈ సంగతిని గుర్తించి, ఏ మాటలు చెడిపోయాయో పేరుపేరునా చెప్పిన మహనీయులు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ).

ఆయన 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి బతికే పేదవారు. చనిపోయే ముందు ఇద్దరు కొడుకులనూ, తన కొద్దిపాటి సొమ్మునూ ఒక సూఫీ మిత్రునికి అప్పగించారట. ఆ సొమ్ము అయిపోయాక పిల్లలు తిండి కోసమే మదరసాలో చేరారని చెబుతారు. తర్వాత నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద చదివిన గజాలీ, 1091లో మంత్రి నిజాముల్ ముల్క్ నియామకంతో బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యులయ్యారు. ఆనాడు ఒక పండితునికి అంతకు మించిన పీఠం ఏముంటుంది!

1095లో ఆ పీఠం మీదే ఆయన నోరు పడిపోయింది. పాఠం చెప్పబోతే మాట పెగల్లేదు, ముద్ద గొంతు దిగలేదు. ఇది మనోవ్యాధి, మా మందులకు లొంగదని వైద్యులు తేల్చేశారు. తాను బోధిస్తున్నది దైవప్రీతి కోసమా, పేరు కోసమా? ఆయనను తొలిచేసిన ప్రశ్న ఇదే. చివరికి కుటుంబ పోషణకు సరిపడా ఉంచి, మిగతా ధనం పంచిపెట్టి, మక్కా వెళుతున్నానని చెప్పి దమస్కస్ దారి పట్టారు. మరుసటి ఏడు హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) సమాధి వద్ద, ఇక పాలకుల సొమ్ము ముట్టననీ, వారి గడప తొక్కననీ, వాదప్రతివాదాలకు దిగననీ ప్రమాణం చేశారు.

ఆ సంచార కాలపు ఫలమే నలభై భాగాల ‘ఇహ్యా ఉలూముద్దీన్’. ఫిఖ్‌హ్, ఇల్మ్, తౌహీద్, తజ్కీర్, హిక్మత్ అనే ఐదు మాటల గురించి ఆయన మొదటి భాగంలోనే ఆవేదన చెందారు. తొలితరంలో ఫిఖ్‌హ్ అంటే పరలోక చింతన, మనసులోని రోగాలను కనిపెట్టే జ్ఞానం. తమ కాలంలో అది విడాకులు, కౌలు, బేరాల చిక్కుముళ్ళకు ఫత్వాలు చెప్పే నేర్పుగా కుదించుకుపోయిందన్నారు. తజ్కీర్, అంటే హితబోధ, కథలకూ కవిత్వానికీ దిగజారింది. హకీం అన్న బిరుదు వైద్యునికీ, కవికీ, చివరికి వీధిలో సోదె చెప్పేవానికీ దక్కింది. (మన ఊళ్ళలో నేటికీ హకీం సాబ్ అంటే యునానీ వైద్యుడే కదా!)

ఆయన ఊరికే నిందించి వదల్లేదు, కారణం కూడా వెతికారు. ఎన్నో ఊళ్ళలో ముస్లిం వైద్యుడే లేడు. అయినా అందరూ ఫిఖ్‌హ్ చదువుకే ఎగబడతారు. ఎందుకంటే వక్ఫు ఆస్తుల పెత్తనం, అనాథల సొమ్ముపై అజమాయిషీ, ఖాజీ పదవి వచ్చేది దానితోనే. ఈ మాటలు పండితులకు రుచించకపోవడంలో వింత లేదు. 1109లో స్పెయిన్‌లోని కార్డోవాలో ఆ గ్రంథాన్ని తగులబెట్టారు.

1106లో మరో మంత్రి పట్టుబట్టడంతో గజాలీ నీషాపూర్‌లో మళ్ళీ పాఠాలు మొదలుపెట్టారు. ఇది ప్రమాణ భంగం కాదా అని అడిగేవారున్నారు. అప్పుడు పదవి తెచ్చే విద్య చెప్పాను, ఇప్పుడు పదవిని వదిలించే విద్య చెబుతున్నాను అన్నది ఆయన ఇచ్చుకున్న సమాధానం. ఆ సమాధానం పూర్తిగా సరిపోతుందని మేము అనలేము. కానీ ఆ ప్రశ్న తనకు తాను వేసుకున్న పండితులు ఎందరు? తర్వాత తూస్ చేరి, ఇంటి పక్కనే విద్యార్థులకూ సూఫీలకూ చోటు కల్పించి, 1111 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు.