కేథరిన్ బ్లాడ్జెట్

కేథరిన్ బర్ బ్లాడ్జెట్ (జనవరి 10, 1898 – అక్టోబరు 12, 1979) అమెరికాకు చెందిన భౌతిక, రసాయన శాస్త్రవేత్త. గాజుపై పరావర్తనమును దాదాపు పూర్తిగా అణచివేయు పలుచని పూతను 1938లో తయారుచేసి ప్రసిద్ధి చెందినది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయము నుండి భౌతిక శాస్త్రములో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ ఈమెయే.

బాల్యము, విద్య

ఈమె న్యూయార్క్ రాష్ట్రములోని షెనెక్టడీ పట్టణములో జన్మించినది. తండ్రి జార్జ్ బ్లాడ్జెట్ ఆ ఊరిలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పేటెంటు న్యాయవాది. ఈమె పుట్టుటకు కొద్ది వారముల ముందే, ఇంటిలో చొరబడిన దొంగ కాల్పులకు ఆయన బలియైనాడు. 1917లో బ్రిన్ మార్ కళాశాలలో పట్టభద్రురాలై, మరుసటి సంవత్సరము షికాగోలో మాస్టర్స్ పట్టము పొందినది. 1918లోనే తండ్రి పనిచేసిన సంస్థ పరిశోధనాశాలలో ఇర్వింగ్ లాంగ్మ్యూర్‌కు సహాయకురాలిగా చేరినది. అక్కడ చేరిన తొలి మహిళా శాస్త్రవేత్త ఈమె. తరువాత కేంబ్రిడ్జ్ వెళ్ళి, రూథర్‌ఫర్డ్ నడుపుచున్న కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధించి 1926లో డాక్టరేట్ అందుకొన్నది.

పొరల లెక్క

కొన్ని నూనె పదార్థములు నీటిపై ఒకే అణువు మందముగల పొరగా పరచుకొనును. లాంగ్మ్యూర్ అధ్యయనము చేసిన ఈ పొరను గాజుపైకి ఎక్కించు పద్ధతిని బ్లాడ్జెట్ రూపొందించినది. పలకను నీటిలో ముంచునపుడు ఒక పొర, పైకి తీయునపుడు మరియొక పొర అంటుకొనును. ఒక్కొక్కటి సుమారు 2.4 నానోమీటర్లు. ఎన్ని పర్యాయములు ముంచినదీ లెక్కపెట్టిన చాలు, పూత మందము తెలిసిపోవును. పొరలు పెరిగిన కొలది సబ్బు బుడగపై వలె రంగులు మారును. వాటి ఆధారముగా మందమును తెలుపు కొలబద్దను కూడ ఈమె తయారుచేసినది.

కనిపించని గాజు

పూత లేని గాజు ప్రతి ఉపరితలము నుండి నూటికి సుమారు 4 వంతుల కాంతి వెనుకకు మరలును. విడివిడిగా అమర్చిన నాలుగు కటకములలో 8 ఉపరితలములు దాటుసరికి నాలుగవ వంతుకు పైగా నష్టమగును. పూత మందము, దానిలోని కాంతి తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు ఉన్నచో, పూత పైభాగము నుండి మరలిన తరంగపు శృంగము గాజు నుండి మరలిన తరంగపు ద్రోణిపై పడి రెండును రద్దగును. ఇక్కడ కాంతి నశించినదని పలువురు పొరబడుదురు. నిజమునకు మరలవలసిన కాంతియే గాజు గుండా ముందుకు సాగును.

రద్దు పూర్తిగా జరుగవలెనన్న రెండు తరంగముల బలము సమానముగా ఉండవలెను. అందుకు పూత వక్రీభవన గుణకము గాజు గుణకపు వర్గమూలము, అనగా సుమారు 1.23, కావలెను. బేరియం స్టియరేట్ గుణకము దాదాపు 1.5. ఈ చిక్కును బ్లాడ్జెట్ విడదీసిన తీరు మెచ్చదగినది. స్టియరిక్ ఆమ్లము కలిసిన పొరలను పేర్చి, పిమ్మట బెంజీనులో ఆ ఆమ్లమును కరిగించివేసినది. మిగిలిన గుల్ల పూతలోనికి గాలి చేరి గుణకము తగ్గినది. 44 పొరలతో, సుమారు 0.1 మైక్రాన్ మందముతో ఏర్పడిన ఈ పూత ఆకుపచ్చ కాంతికి సరిపోయినది. పూసిన గాజు 99 శాతమునకు పైగా కాంతిని ప్రసరింపజేసినది.

అయితే ఈ పూత వేలితో తుడిచిన ఊడిపోవును. జర్మనీలో జైస్ సంస్థకు చెందిన స్మకులా 1935లోనే శూన్యములో పూత వేయు పద్ధతికి పేటెంటు కోరినాడు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో కార్ట్‌రైట్, టర్నర్ కూడ ఫ్లోరైడు పూతలను అట్లే తయారుచేసిరి. నేటి కెమెరా కటకములు, ఒక్క రంగును మాత్రమే పోనిచ్చు బహుపొరల ఫిల్టర్లు ఆ మార్గమున వచ్చినవే. కావున ఈమెను ఏకైక ఆవిష్కర్తగా చెప్పుట సరికాదు. అణువుల పొరలను లెక్కించి పేర్చు విద్య మాత్రము ఈమెదే. అట్టి పూతలను లాంగ్మ్యూర్-బ్లాడ్జెట్ పొరలు అని పిలుచుచున్నారు.

తరువాతి జీవితము

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో పొగతెరలపై పనిచేసినది. 1951లో అమెరికా రసాయన సంఘము వారి గార్వన్ పతకము లభించినది. 1963లో పదవీ విరమణ చేసి, షెనెక్టడీలోనే మరణించినది. 2007లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఈమె పేరు చేర్చబడినది.