పిచ్చి యన్న లోకము - పరమార్థ మెరిగిన వెంగమాంబ

మానవుని పీడించు బాధలు రెండు విధములు. దేహమును పట్టునది వ్యాధి. మనస్సును పట్టునది ఆధి. యోగవాసిష్ఠమున చూడాలోపాఖ్యానమునందు ఈ విభాగము విపులముగా నిరూపింపబడినది. మనస్సు కలతపడినచో ప్రాణసంచారము క్రమము తప్పును. ప్రాణము క్రమము తప్పినచో దేహము రోగమునకు లోనగును. ఆధులన్నిటికిని మూలము దేహమే నేనను భ్రాంతి యని అద్వైతుల నిశ్చయము.

శ్రావణమాసమున సోమవారములందును గురువారములందును ఉరుకుంద క్షేత్రమునకు జనులు ప్రవాహమువలె వచ్చుచుందురు. నరసింహస్వరూపుడైన ఈరన్నస్వామి సన్నిధిని మ్రొక్కువారి కోరికలు అనేకములు. మతి చలించిన బిడ్డను చేయిపట్టి దేవాలయమునకు తీసికొనివచ్చు తల్లిదండ్రుల దుఃఖము వానిలో మిక్కిలి బరువైనది. ఇది రోగమా, గ్రహపీడయా, దైవానుగ్రహమా యని వారి హృదయము తల్లడిల్లుచుండును. ఆదోనిలో ఒకప్పుడు తిక్క లక్ష్మమ్మ యనిపించుకొనిన అవ్వయే నేడు ఆ పట్టణమున మహాయోగినిగా పూజలందుకొనుచున్నది. కావున ఈ సందేహము మన సీమకు క్రొత్తది కాదు. దానికి సమాధానము వెదకువారికి మరియొక నరసింహభక్తురాలి జీవితము దీపమువంటిది. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

గుర్రంకొండకు సమీపమున నున్న తరిగొండ గ్రామమున 1730వ సంవత్సరమున వెంగమాంబ జన్మించెను. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. వారు నందవరీక బ్రాహ్మణులు. ఆ గ్రామమున వెలసిన లక్ష్మీనరసింహస్వామియే ఆ బాలికకు సర్వస్వమయ్యెను. ఆటపాటల వయస్సున ఏకాంతముగా కూర్చుండుట, తనలో తాను నవ్వుకొనుట, కన్నీరు కార్చుట మొదలగు ఆమె చేష్టలను చూచి ఇంటివారు భయపడిరనియు, పిచ్చి పట్టినదని ఊరివారు చెప్పుకొనిరనియు సంప్రదాయగాథలు తెలుపుచున్నవి. వివాహమైనచో చిత్తము కుదుటపడునని తలంచి, ఇంజేటి వేంకటాచలపతి యను వరునితో ఆమెకు పెండ్లి చేసిరి. కాని బాల్యము గడువకముందే ఆమె భర్తను కోల్పోయెను.

నాటి ఆచారము ననుసరించి ఆమె శిరోముండనము చేయించుకొనవలసి యుండెను. ఆమె అంగీకరింపలేదు. జగన్నాథుడే తన భర్త యనియు, నాశములేని భర్తగల తనకు వైధవ్యము లేదనియు ఆమె భావము. బొట్టు, పువ్వులు, కేశపాశము విడువక సువాసినివలెనే సంచరించెను. పూర్వము పిచ్చి యన్నవారు ఇప్పుడు దోషమనిరి. పుష్పగిరి పీఠాధిపతి మదనపల్లెకు వచ్చినప్పుడు ఆమెను పిలిపించిరనియు, గురువునకు నమస్కరింపుమనగా ఆమె ఆయనను పీఠమునుండి లేవుమని ప్రార్థించి ఆ శూన్యపీఠమునకు మ్రొక్కెననియు, వెంటనే ఆ పీఠము భస్మమయ్యెననియు ఒక గాథ కలదు. గాథలోని అద్భుతము నట్లుంచి భావమును చూతము. ఆసనము బలముచే పెరిగిన అహంకారము, ఎదుట ఆసనమే లేని ఆత్మనిష్ఠ యున్నప్పుడు, నిలువజాలదని దాని తాత్పర్యము.

మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువయ్యెను. లోకులు ఉన్మాదమనిన దానియందు ఆయన పరిపక్వతను చూచెను. ఒకే బాలికను చూచి గ్రామము ఒక తీరుగను, గురువు మరియొక తీరుగను గ్రహించుటకు కారణమేమి? గీతలో గుణత్రయ విభాగము దీనిని విశదము చేయుచున్నది. తమోగుణము ప్రధానమైనవాడు తనకు తెలియనిదానిని చూచి భయపడును. రజోగుణము ప్రధానమైనవాడు దానిని లోబరచుకొనదలచును. సత్త్వగుణము ప్రధానమైనవాడు దానిని తెలిసికొనగోరును. మనుష్యుల స్వభావభేదములన్నియు ఈ మూడింటి హెచ్చుతగ్గులే. కాని సత్త్వమును సుఖసంగముచేతను జ్ఞానసంగముచేతను జీవుని బంధించునదే. నేను సాత్త్వికుడను, నేను భక్తుడను అను తలంపు బంగారు సంకెల. సంకెల ఏ లోహముదైనను సంకెలయే.

వెంగమాంబ తరిగొండ నృసింహాలయమున హనుమద్విగ్రహము వెనుక మరుగున కూర్చుండి ధ్యానము చేయుచుండెడిది. అర్చకుడు ఆమెను కనుగొని అవమానించి వెడలగొట్టెనని చెప్పుదురు. అటుపిమ్మట ఆమె పుట్టిన ఊరును విడిచి తిరుమల చేరెను. అచ్చటను సుఖము లభింపలేదు. పొరుగున నున్న ఒక అర్చకుడు ఎంగిలి విస్తళ్లను ఆమె తావున పడవేయుచు బాధింపగా, ఆమె తుంబురుకోనకు తరలి, ఆ నిర్జనప్రదేశమున కొన్ని సంవత్సరములు తపస్సు చేసెను. తిరిగి వచ్చిన పిదప ఆమె కోరినది ప్రతీకారము కాదు. వ్రాయుటకు ఆకును, నిలుచుటకు కొంచెము చోటును.

తరిగొండ నృసింహశతకము, రాజయోగామృతసారము, విష్ణుపారిజాతము, వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మొదలగునవి ఆమె కృతులు. వానిలో అద్వైతసారమునకు నిధానమైనది ద్విపదగా రచించిన వాసిష్ఠ రామాయణము. ఆమె ఈ కథను చేపట్టుటలో ఎంతయో ఔచిత్యము కలదు. యోగవాసిష్ఠము ఆరంభమున శ్రీరాముడు ఆహారవిహారములందు రుచి విడిచి, కృశించి, మౌనియై యుండును. పరిచారకులు దిగులుపడుదురు; దశరథుడు కలవరపడును. వసిష్ఠ విశ్వామిత్రులు మాత్రము అది వివేకమునుండి పుట్టిన వైరాగ్యమని గుర్తింతురు. తన బాల్యమున ఇంటివారు పడిన కలవరమును వెంగమాంబ ఆ ఘట్టమున తప్పక దర్శించి యుండును.

ఆ శాస్త్రమున అహంకారము మూడు విధములుగా చెప్పబడినది. సమస్తమును నేనే యనునది మొదటిది. సమస్తమునకు అతీతుడనై, వెంట్రుక కొనకంటె సూక్ష్మమైనవాడను నేనని తెలియునది రెండవది. ఈ రెండును మోక్షహేతువులు. కాలుచేతులు గల ఈ దేహమే నేననునది మూడవది. అదియే సకలదుఃఖములకు కారణము, విడువదగినది. కడపట మొదటి రెండును విడిచినవాడు పరమపదమున నిలుచును. వెంగమాంబ తాను ఓనమాలైనను చదువనిదాననని చెప్పుకొని, తన నోట పలికించువాడు నృసింహుడే యని కవిత్వమునంతయు స్వామికే సమర్పించెను. కర్తృత్వమును విడుచుట యన నిదియే.

ఇచ్చట సాధకులు ఒక సూక్ష్మమును తెలిసికొనవలెను. మనోరోగమును జ్ఞానోన్మాదమును వెలుపల ఒకేతీరుగా కనబడవచ్చును. లోపల అవి వేరు. మనోరోగి తాను కోరని భయములచేతను సంశయములచేతను చుట్టబడి, నేను అను బాధలోనే చిక్కుకొని, బయటపడు దారి కానక వ్యథపడును. జ్ఞానియందు ఆ నేను పలుచబడును; దయ పెరుగును; చేయు పని క్రమము తప్పదు. వెంగమాంబ జీవితాంతము నియమముతో గ్రంథరచన సాగించుటయే ఆమె చిత్తస్వస్థతకు సాక్ష్యము. అట్లని రోగికి అహంకారము ఎక్కువ యనియు, పాపము చేసెననియు నిందించుట ఘోరమైన అజ్ఞానము. వ్యాధికి వైద్యుడున్నట్లే ఆధికిని వైద్యుడున్నాడు. చికిత్సకు అర్హుడైన వానిని మహాత్ముడని పొగడి ఔషధము మాన్పించుట ఎంత దోషమో, గ్రహము పట్టినదని కట్టివేయుట అంతకంటె దోషము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో బంధింపబడిన మనోరోగులు అగ్నిప్రమాదమున చిక్కి తప్పించుకొనలేకపోయిరి. 28 మంది ప్రాణములు పోయినవి. రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము నిషేధించినది. దేవుని ప్రసాదమును వైద్యుని మందును పరస్పరవిరోధులు కావు. రెండింటిని ఇచ్చువాడు ఒక్కడే.

1817లో ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు వెంగమాంబ తిరుమలలో సిద్ధిపొందెను. ఆమె బృందావనము అచ్చటనే యున్నది. రాత్రి ఏకాంతసేవావేళ స్వామికి జరుగు ముత్యాలహారతి ఆమె పేరనే నేటికిని నడచుచున్నది. 2011లో తిరుమలయందు ప్రారంభమైన విశాలమైన అన్నప్రసాద భవనమునకు ఆమె నామమే ఉంచబడినది. ఎవరి తావున ఎంగిలి విస్తళ్లు పడవేయబడెనో, ఆ తల్లి పేర నేడు నిత్యము వేలాది విస్తళ్లలో అన్నము వడ్డింపబడుచున్నది. ఇంతకంటె లోకమునకు తగిన ప్రత్యుత్తర మేమున్నది?

ఆమె సిద్ధిపొందిన శ్రావణమే మన ఈరన్నస్వామికిని ప్రీతిపాత్రమైన మాసము. ఈ మాసమున సన్నిధికి వచ్చినవారు, పక్కన నిలిచి ఏదో గొణుగుకొనుచున్న దీనుని చూచి నవ్వకుందురు గాక. అతడు రోగియైనచో మన సేవకు పాత్రుడు. జ్ఞానియైనచో మన నమస్కారమునకు పాత్రుడు. ఏది యైనను, వానియందును మనయందును వెలుగుచున్న చైతన్యము ఒక్కటే. ఈ సత్యమును నరసింహస్వామి మన హృదయములందు స్థిరపరచుగాక!