మట్టి యెరిగిన మల్లుడు: కోడి రామమూర్తి నాయుడు

మల్లునికి కండబలమే సర్వస్వమని లోకము తలచును. ఆ బలము చెల్లుటకు కాలి క్రింది నేల కూడ సహకరింపవలెనన్న సంగతి అందరికిని స్ఫురింపదు. జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతముల చిత్రసీమలో నేడు కథానాయకుడు తాళ్ల సాయమున గాలిలోనికి లేచి పదిమందిని పడగొట్టుచుండును. అట్టి సాయము లేక, నేలపై నిలిచియే కీర్తి గడించిన ఒక తెలుగు మల్లుని జీవితమును మా విద్యార్థులకు పరిచయము చేయదలచినాము.

కోడి రామమూర్తి నాయుడుగారు 1882లో వీరఘట్టములో జన్మించినారు. ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. బాల్యముననే తల్లిని కోల్పోయి, విజయనగరములో పినతండ్రి ఇంట పెరిగినారు. అచ్చటనే వ్యాయామమును, కుస్తీని అభ్యసించినారు. పిమ్మట మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరములో వ్యాయామోపాధ్యాయులైనారు.

తెలుగునాట కుస్తీ నేర్పు చోటును తాలింఖానా యనుట కలదు. తాలీమ్ అనగా విద్య. గోదాలోని మట్టిని పరిశీలించినచో ఆ పేరు ఎంత సార్థకమో తెలియును. మట్టిని త్రవ్వి, రాళ్లు ఏరి, నూనె, మజ్జిగ, పసుపు వంటివి కలిపి పదును చేయుదురు. తడి తగుమాత్రముగా నున్నప్పుడు నీరు మట్టి రేణువులను ఒకదానితో నొకటి పట్టి ఉంచును. అడుగు కొంచెము దిగును. మడమ వెనుక మట్టి చిన్న గట్టువలె నిలిచి ఆనిక యగును. తడి మించినచో ఆ నీరే రేణువులను విడదీసి జారునట్లు చేయును. బురద కొంత ఒత్తిడి వరకు ఘనపదార్థమువలె నిలిచి, ఆ హద్దు దాటగానే ద్రవమువలె పారును. చెమట పట్టిన ఒంటిపై మల్లులు పొడిమట్టి చల్లుకొనుట పట్టు జారకుండుటకే. పడిన వాని వేగమును మెత్తని మట్టి క్రమముగా హరించుటచే దెబ్బయు తగ్గును.

నాయుడుగారు సర్కసు సంస్థను నెలకొల్పి దేశమంతట ప్రదర్శనలిచ్చినారు. కలియుగ భీముడనియు, ఇండియన్ హెర్క్యులిస్ అనియు ప్రసిద్ధి పొందినారు. రెండు ప్రక్కల రెండు కార్లను చేతులతో పట్టి కదలనీయకుండుట ఆయన విద్యలలో నొకటి. ఆ రెండు లాగుడులు సమానమైనచో ఒకదాని నొకటి రద్దు చేసికొనును. నేలపై భారము స్వల్పము, భుజములపై భారము అపారము. ఒక్క కారునే వెనుకనుండి ఆపవలసినచో పరీక్ష పాదములది. అప్పుడు నేల ఇచ్చు ఘర్షణ ఎంతయో, ఆయన నిలకడయు అంతయే. రొమ్ముపై పలక వేయించుకొని ఏనుగును నడిపించునప్పుడు పలక ఆ భారమును విశాలముగా పంచెడిది. మిగిలినదానిని ఊపిరి బిగించిన ఛాతీ మోసెడిది. కనుక ఆయన ఘనత కండలయందు మాత్రమే గాక, భారమును ఎటు మళ్లింపవలెనో ఎరుగుటయందును ఉన్నదని మేము భావింతుము.

చరమదశలో విధి ఆయనను కఠినముగా పరీక్షించినది. కాలి పుండు ముదిరి, కాలినే తొలగింపవలసి వచ్చినది. ఏ పాదముల ఆనికతో కార్లను నిలిపినారో వానిలో ఒకటి పోయినది. ప్రాణాయామ బలముతో ఆ బాధను నిబ్బరముగా సహించినారని ప్రతీతి. 1942లో పరమపదించినారు. విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము నేటికిని నిలిచి ఉన్నది.

మన కళాశాలలో ఆటస్థలమునకు పోవువారు వేరు, ప్రయోగశాలకు పోవువారు వేరు అను తలంపు కొందరికి కలదు. నాయుడుగారి జీవితము ఆ గోడను కూల్చుచున్నది. దేహమునకు బలమును, ఆ బలమునకు ఎరుకను సమకూర్చునదే నిజమైన తాలీమ్.